అప్పుడేనా?

పెద్ద ముచ్చట రాసి చాలా రోజులైంది. సైటు మీద స్లాబుల పని జోరు మీదుంది. రాత్రి పోత, పగటి నిద్ర. ఇయ్యాల ఆదివారం. ఇదివరకు శుక్రవారం సెలవుండె, 2022 నుంచి మా కంపెనీకి ఆదివారం అయింది. బట్టలు ఉతుక్కున్నం, పప్పుచారు చేసుకొని తిన్నం, ఇగ మంచం మీద కూసొని రాస్తున్నం. రాసే చెయ్యి ఒక్కటే గానీ ఇది రూంల ఆరుగురం కూసొని మాట్లాడుకున్న ముచ్చట. అందుకే ‘మేము’ అనే రాస్తున్నం. తప్పుగ అనుకోకండి.

ఈ ముచ్చట ఒక్క మాట గురించి. ఆ మాట ‘అప్పుడే’.

పోయిన నెల మా సైటు ఇంజనీరు, ఈజిప్టాయన, పని విడిచి దేశం పోయిండు. ఆఖరి రోజు ఆఫీసు క్యాబిన్ల అందరం సులేమానీ చాయ్ తాగినం. ఆయన లేవంగనే ఇంకో ఈజిప్టాయన చెయ్యి పట్టుకొని “లిస్సా బద్రీ” అన్నడు. ఇంకా తొందరే గద, అప్పుడే లేస్తవా అని అర్థం. వాళ్ళ దిక్కు ఇంటికొచ్చిన చుట్టం లేస్తే ఆ మాట అనకుండ పంపరట. పక్కనున్న బీహారు ఫోర్మన్ నవ్వి “ఇత్నీ జల్దీ?” అన్నడు. మా రూంల కొత్తగ వచ్చిన కోరుట్ల దిక్కు పిల్లగాడు “అన్నా, దీన్ని మనం ఏమంటం?” అని అడిగిండు. “అప్పుడేనా అంటం” అని చెప్పినం.

ఆ పిల్లగాడు డిగ్రీ మధ్యల విడిచి వచ్చిండు, ప్రశ్నలెక్కువ. “అన్నా, అప్పుడు అంటే ఆనాడు అని గద. మరి ఇప్పుడు జరిగేదాన్ని పట్టుకొని అప్పుడే అంటమేంది?” అన్నడు. మేము పదో తరగతి చదువుకున్నోళ్ళం, వ్యాకరణం మాకేం తెలుసు. అయినా రాత్రి అన్నం తినుకుంట అందరం దాని మీదనే పడ్డం.

చూడండి. “మేము స్టాండుకు పోయేసరికి బస్సు అప్పుడే వచ్చింది” అంటే సరిగ్గ ఆ టైముకే వచ్చిందని. “బస్సు అప్పుడే వచ్చిందా!” అంటే ఇంత తొందరగ ఎట్ల వచ్చిందని. “అప్పుడే వద్దు” అంటే ఇంకా టైముంది, ఆగుమని. మాట ఒక్కటే, అర్థాలు మూడు. గొంతుతోనే తేడా తెలుస్తది. మాకు తోచింది ఏందంటే, మనం ప్రతి పనికీ మనసుల ఒక తారీకు రాసిపెట్టుకుంటం. పని ఆ తారీకు కంటే ముందుగాల వచ్చి నిలబడితే నోట్లకెల్లి ‘అప్పుడే’ అని వస్తది. అంటే ఆ మాట జరిగిన పని గురించి చెప్పేది తక్కువ, అనేటోని లెక్క గురించి చెప్పేది ఎక్కువ. ఇది గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తది.

పేపర్ల ఇంకో మాట రాస్తరు, ‘అకాలం’. అకాల వర్షం, అకాల మరణం. మా ఊర్లె ఎవ్వరూ అకాల వర్షం అనరు, ‘కాలం గాని కాలంల వాన’ అంటరు. ఏప్రిల్ నెలల వడ్లు కల్లంల పోసినంక, మామిడి కాయ చెట్టు మీద ఉన్నంక రాళ్ళవాన పడితే ఆ మాట వస్తది. వాట్సాపుల ఆ ఫొటోలు చూసి ఇక్కడ డ్యూటీల ఉన్నోళ్ళకు ముద్ద దిగదు. అకాల మరణం సంగతి మీకు చెప్పేదేముంది. రాత్రి పడుకున్నోడు పొద్దున లేవకపోతే, పెట్టె శంషాబాద్ ఎయిర్‌పోర్టుల దిగితే, ఊరి మూలమలుపు కాడ ఫ్లెక్సీ మీద ఆ రెండు మాటలు రాస్తరు. గానీ తల్లి అకాలం అనదు. “అప్పుడే పోయినవా కొడుకా” అని ఏడుస్తది.

తొందర మీద మనోళ్ళకు సామెతలు కూడ ఉన్నయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. అన్నప్రాశన నాడే ఆవకాయ. ఇల్లు అలుకంగనే పండుగ కాదు. ఇవన్ని తొందరపడేటోన్ని చూసి నవ్వేటియి. ‘అప్పుడే’ల మాత్రం నవ్వు ఉండొచ్చు, బాధ ఉండొచ్చు, నిష్ఠూరం ఉండొచ్చు.

గల్ఫోనికి ఈ మాట రెండుసార్లు తగులుతది. సెలవు అయిపోయి బ్యాగు సర్దుతుంటే “అప్పుడే పోతున్నవా?” అంటరు. అది ప్రేమ. రెండోది చెప్తం.

2009ల దుబాయి పనులు ఎట్ల ఆగిపోయినయో అప్పుడున్నోళ్ళకు తెలుసు. క్రేన్లు ఎక్కడియక్కడ నిలబడ్డయి. మా కంపెనీ సగం మందిని పంపింది, ఆ సగంల మేమున్నం. రెండో వీసా మీద వచ్చి ఏడు నెలలే అయింది. ఏజెంటుకు కట్టింది మూడు రూపాయల మిత్తికి తెచ్చిన పైసలు. ఫిబ్రవరిల ఊర్లె బస్సు దిగినం. చేతిల ఒక్క బ్యాగు. చాయ్ హోటల్ కాడ కూసున్న పెద్దమనిషి కండ్లద్దాలు సర్దుకొని చూసి “ఏందిరా, అప్పుడే వచ్చినవా?” అన్నడు. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. గానీ ఆ మాటకు తల ఎత్తలేకపోయినం. ఇల్లు చేరేలోపు ఆ మాట నలుగురు అన్నరు. రెండు నెలలు పగటిపూట చౌరస్తా దిక్కు పోలేదు.

గానీ అప్పుడు మా బిడ్డకు ఏడు నెలలు. పదకొండో నెలల గోడ పట్టుకొని నిలబడి, గోడ విడిచి, మూడు అడుగులు వేసి మా మోకాలు మీద పడ్డది. ఇంటామె పొయ్యి కాడికెల్లి “అప్పుడే నడుస్తుందా!” అని ఉరికొచ్చింది. మన రూములల్ల ఎంతమంది తండ్రులకు ఆ మూడు అడుగులు దొరికినయో లెక్కపెట్టుకోండి. మా ఆరుగురిల ఇద్దరికే. పద్నాలుగు నెలలు ఊర్లె ఉన్నం, అప్పు పెరిగింది, మాటలు పడ్డం. 2010 ఏప్రిల్‌ల మళ్ళ విమానమెక్కినం. గానీ ఆ మూడు అడుగులు మావే.

ఆ తర్వాత అంతా సెలవుల లెక్క. రెండేండ్లకొకసారి నలభై ఐదు రోజులు. ఒకసారి బిడ్డకు చెప్పులు కొనాలని ఫోన్ల అడిగి, దారంతోటి పాదం కొలిపించి, ఆ పొడుగు రాసుకున్నం. సెలవు నాలుగు నెలలు జరిగింది. చెప్పులు తీసుకపోతే మడమ బయటికొచ్చింది. “అప్పుడే ఇంత పెరిగినవా?” అని మేము నవ్వినం. ఆ పిల్ల నవ్వలేదు. చెప్పులు తీసుకపోయి మా మరదలి బిడ్డకు ఇచ్చింది.

ఇప్పుడు పని ముచ్చట చెప్తం, ఎందుకంటే మేము ఈ మాటను సరిగ్గ నేర్చుకున్నది సైటు మీదనే.

కాంక్రీటు పోసిన తెల్లారే చెయ్యి పెట్టి చూడండి, రాయి లెక్క ఉంటది. తట్టితే ఠంగ్ అంటది. కొత్తోడు అయిపోయిందనుకుంటడు. కాలేదు. ఏడు రోజులకు వచ్చే బలం మూడింట రెండొంతులు. పూర్తి లెక్క చూసేది ఇరవై ఎనిమిదో రోజు. మన ఇండియా కోడ్ ఐఎస్ 456ల రాసి ఉంది. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు కింద జాకీలు కనీసం 7 రోజులుండాలె, అది దాటితే 14. దూలం ఆరు మీటర్లు దాటితే 21. పక్క పలకలు తెల్లారి ఇప్పినా నడుస్తది, ఎందుకంటే వాటి మీద బరువు లేదు. కింద జాకీ మాత్రం తొందరపడి తియ్యొద్దు. ఎండాకాలం ఇక్కడ ఇంకో చిక్కు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండల పని బందు. అయినా మిగిలిన పగలు కూడ పోత పొయ్యలేం. వేడికి మాలు అప్పుడే గట్టిపడుతది, ముందు పోసినదానికి వెనుక పోసినదానికి నడుమ అతుకు పడుతది. అందుకే రాత్రి పోస్తం, నీళ్ళల్ల ఐసు కలుపుతరు, పొద్దుగాల గోనెపట్టాలు తడిపి కప్పుతం.

మేము హెల్పర్లుగ ఉన్న రోజులల్ల ఒక సైటు మీద బాల్కనీ కింద జాకీలు ఆరో రోజు తీయించిండ్రు. పై అంతస్తుకు సామాను కావాలని తొందర. మేమే గుంజినం, ఫోర్మన్ చెప్పిండు కాబట్టి. మధ్యాహ్నం వరకు బాల్కనీ కొన రెండు వేళ్ళంత కిందికి దిగింది, గోడ కాడ పైన వెంట్రుకంత పగులు. మళ్ళ జాకీలు పెట్టి ఎక్కించిండ్రు గానీ దిగింది దిగినట్టే ఉన్నది. ఆఖరికి పగులగొట్టి కొత్తగ పోసిండ్రు. మనుషులకేం కాలేదు, అది మా అదృష్టం. మేము దాని కిందనే నిలబడి ఉన్నం.

పోయినేడు మేము సూపర్‌వైజరుగ ఉన్న సైటు మీద అదే పరిస్థితి వచ్చింది. పెద్ద దూలం, తొమ్మిదో రోజు. క్యూబు రిజల్టు ఇంకా రాలేదు. పైసారు జాకీలు తియ్యమన్నడు. “అభీ నహీ సార్” అన్నం. తిట్టిండు. నీకన్న ఎక్కువ చదివినం అన్నడు. అన్నడు, పడ్డం. రిజల్టు వచ్చి, రోజులు నిండినంకనే జాకీలు తీసినం. ‘అప్పుడే వద్దు’ అనాలంటే కూడ కొంచెం ధైర్యం కావాలె అన్నలూ.

ఇగ అసలు ముచ్చటకు వస్తున్నం.

ఆ చెప్పుల పిల్లే, ఇంటరు అయిపోయింది. వచ్చే జులైల పద్దెనిమిది నిండుతయి. మార్చిల ఒక సంబంధం వచ్చింది. మంచోళ్ళే, పిల్లగాడు హైదరాబాదుల పని చేస్తడు, కట్నం కోసం గుంజుక తినేటోళ్ళు కాదు. శ్రావణంల పెండ్లి చేద్దామన్నరు. ఇంటామె ఫోన్ల చెప్పంగనే మా నోట్లకెల్లి వచ్చిన మొదటి మాట “అప్పుడేనా?”

ఫోన్ స్పీకర్ల ఉంది. రూంల అందరూ ఉన్నరు. ఇంటామె కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగ అన్నది: “నీకు అప్పుడే. నాకు పద్దెనిమిదేండ్లు. దినం దినం లెక్కపెట్టుకుంట పెంచిన.”

ఎవ్వరం మాట్లాడలేదు. పైన చెప్పినం గద, ఆ మాట అనేటోని లెక్కను చెప్తదని. మా లెక్క ఏందో ఆ రాత్రి కూసొని వేసినం. 2010 నుంచి ఇప్పటిదాక ఎనిమిది సార్లు ఇంటికి పోయినం, ఒక్కోసారి నలభై ఐదు రోజులు. ఎనిమిది నలభై ఐదులు 360. పదహారేండ్లల్ల ఏడాది కూడ నిండలేదు. అంతకు ముందు రోజే కోరుట్ల పిల్లగాడు “తొమ్మిది నెలలైంది, మనసు పడ్తలేదు, ఇంటికి పోత” అంటే, ఏడాది నిండకుంటే గ్రాట్యుటీ రాదురా, నిండితే మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం లెక్కన, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల లెక్కన వస్తది, ఆగు అని చెప్పినం. వాడు మా 360 లెక్క చూసి “అన్నా, ఇట్లయితే ఇంట్ల నీకు గ్రాట్యుటీ రాదు” అన్నడు. అందరం నవ్వినం. నవ్వు ఎక్కువ సేపు నడువలేదు.

ఇంటామెది తప్పు అని మీరు అనుకోవద్దు. ఆమె భయం ఆమెకుంది. మా ప్రాజెక్టు డిసెంబరుతోటి అయిపోతది, తర్వాత కంపెనీ ఉంచుతదో పంపుతదో తెల్వది. 2009ని ఆమె చూసింది, మిత్తోడు గడపల కూసున్నది ఆమె ముందటనే. “చేతుల పని ఉన్నప్పుడే చెయ్యాలె, రేపు నువ్వు బ్యాగు పట్టుకొని దిగితే ఎవరు చేస్తరు?” అన్నది. పద్దెనిమిది నిండినంకనే కాబట్టి కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు అని కూడ లెక్క చెప్పింది. అన్నీ సరైన లెక్కలే. మా దగ్గర జవాబు లేదు.

మూడు రోజులు గడిచినయి. మా రూంల కూడ రెండు పార్టీలు అయినయి. మంచి సంబంధం మళ్ళ దొరుకదని ముగ్గురు. పిల్లనడుగుమని ఇద్దరు. ఆలోచిస్తే, ఇంతమందిమి మాట్లాడినం గానీ ఆ పిల్లను ఎవ్వరం అడుగలేదు. నాలుగో రోజు ఫోన్ చేసి, స్పీకర్ తీసేసి, బయట మెట్ల మీద కూసొని అడిగినం. ఆ పిల్ల ఎక్కువ మాట్లాడదు. “అప్పుడే వద్దు డాడీ” అన్నది. కొంచెం ఆగి “నర్సింగు చదువుత” అన్నది.

నిజం చెప్తున్నం, మా నోట్ల ‘అప్పుడేనా’కు ఆమె నోట్ల ‘అప్పుడే వద్దు’కు ఎంత తేడా ఉందో అప్పుడు తెలిసింది. మాది పోయిన దినాల గురించిన బాధ. ఆమెది రాబోయే దినాల గురించిన మాట. ఇంకా టైముంది, నా బలం ఇంకా రాలేదు, జాకీ తియ్యకుండ్రి అని చెప్పినట్టు వినపడ్డది. పైకి చూస్తే తల్లి కన్న ఎత్తు పెరిగింది, తట్టితే ఠంగ్ అంటది. ఏడో రోజు కాంక్రీటు కూడ అంతే గద.

మధ్యవర్తికి ఫోన్ చేసి, చదువు అయినంక చూద్దామని చెప్పినం. వాళ్ళు ఏం అనలేదు. నెల తిరుగకముందే వేరే పిల్లను ఖాయం చేసుకున్నరు. అది వాళ్ళ హక్కు. బీఎస్సీ నర్సింగు నాలుగేండ్లు. సీటు రావాలె, ఫీజు కట్టాలె, డిసెంబరు తర్వాత మా పని ఉండాలె. నాలుగేండ్లంటే మాకు ఇంకో రెండు సెలవులు, తొంభై రోజులు. మేము చేసింది సరైనదో కాదో ఇప్పుడే చెప్పలేం. రేపు పని పోయి ఊర్లె దిగితే చాయ్ హోటల్ కాడ మళ్ళ అదే మాట వినాల్సి రావొచ్చు. విందాం. ఈసారి తల దించుకోమని మాత్రం అనుకున్నం.

ఇంటామె రెండు వారాలు సరిగ్గ మాట్లాడలేదు. “తిన్నవా”, “తిన్న”, అంతే. నిన్న రాత్రి ఫోన్ చేస్తే బిడ్డ దరఖాస్తుకు కావలసిన కాయిదాల సంగతి చెప్పింది. కులం సర్టిఫికెట్ కోసం మీసేవకు రెండుసార్లు తిరిగిందట. అంతా విని, డ్యూటీ టైమైంది, పెట్టేస్తున్నం అన్నం.

“అప్పుడేనా?” అన్నది.

ఇంకో పది నిమిషాలు మాట్లాడినం. బస్సు హారన్ కొట్టిండు, ఉరికినం.

అన్నలూ, తమ్ముళ్ళూ, ఇంట్లకెల్లి ఏదన్న వార్త వచ్చి మీ నోట్లకెల్లి ఈ మాట వచ్చినప్పుడు ఒక్కసారి ఆగి, ఎవరి లెక్కల అది తొందరో చూసుకోండి. పిల్లల సంగతైతే పిల్లలను అడుగుండ్రి. జాకీలు మాత్రం రోజులు నిండకముందు తియ్యకుండ్రి, సైటు మీదనైనా ఇంట్లనైనా. మీ దిక్కు ఈ మాటను ఎట్లంటరో కూడ రాయండి, మా పిల్లగానికి ప్రశ్నలు ఇంకా అయిపోలేదు.

రేపు రాత్రి మళ్ళ పోత ఉంది. ఇగ పడుకుంటం. అందరూ పైలం.